వంశములో ప్రేగు కాన్సరు – నకలులో జారిన అక్షరములు

పంచాయతీ కార్యాలయములోని పుస్తకములలో జనన మరణముల రిజిస్టరును ఓపికతో చదువువారు తక్కువ. ధ్రువపత్రము కావలసినవారు వచ్చిన దినమున దానిని తెరతురు. పని తీరినంతనే మూయుదురు. సభ్యులెవరైన తీరిక చేసికొని పాతిక, ముప్పది సంవత్సరముల పుటలను వరుసగ తిరుగవేసినచో అప్పుడప్పుడు ఒక విచిత్రము కనబడును. ఒకే ఇంట తండ్రి 48వ యేట, ఆయన అక్క 50వ యేట, కుమారుడు 39వ యేట చనిపోయియుందురు. కారణము అను గడిలో “కడుపులో గడ్డ” అనియో, “ప్రేగులో పుండు” అనియో, స్త్రీలకైనచో “గర్భసంచి జబ్బు” అనియో వ్రాసియుండును.

ఇట్టి ఇంటిని గూర్చి ఊరు ఏమనుకొనునో సభ్యులకు వేరుగ చెప్పనక్కరలేదు. కొందరు శాపమందురు. కొందరు ఎవరో ఏదో పాతిపెట్టినారని గుమ్మము క్రింద త్రవ్వింతురు. తక్కినవారు పైకేమియు అనక, ఆ ఇంటికి పిల్లనిచ్చుట మాత్రము మానుదురు. ఆ ఇంటిలో పెరిగిన పిల్లలు వయస్సు వచ్చుసరికి తమ వంతు ఎప్పుడా యని లెక్కించుకొనుచుందురు.

ఇది శాపము కాదు. అన్ని ఇండ్లలో కాకున్నను, ఇట్టి ఇండ్లలో కొన్నిటియందు ఈ మరణములకు మూలమైన లోపమేదో నేడు స్పష్టముగ తెలిసినది. అది ఏ జన్యువులో, ఏ అక్షరము వద్ద నున్నదో కూడ చూపవచ్చును. దానిని కనుగొన్న విధము తెలిసికొన్న సభ్యుడు, అట్టి ఇంటి వాకిట నిలిచినపుడు చెప్పదగిన మాట ఏదో, చెప్పరాని మాట ఏదో తానే నిర్ణయించుకొనగలడు. ఆ ఉద్దేశముతోనే ఈ విషయమును కొంత వివరముగ వ్రాయుచున్నాము.

కుట్టుపని చేయు స్త్రీ చెప్పిన మాట

అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున ఆన్ ఆర్బర్ అను పట్టణము కలదు. 1895లో అచటి విశ్వవిద్యాలయమునందు వ్యాధివిజ్ఞానము బోధించుచుండిన వైద్యుడు ఆల్డ్రెడ్ స్కాట్ వార్తిన్. ఆయనకు పరిచయమైన ఒక కుట్టుపనిచేయు స్త్రీ విచారముగ నుండుట చూచి కారణ మడిగెను. ఆమెకు అప్పటికి ఏ జబ్బును లేదు. అయినను, “మా వంశములో జీర్ణకోశములోనో, ప్రేగులలోనో, గర్భాశయములోనో కాన్సరు వచ్చి చాలమంది పోయినారు, నేనును అట్లే త్వరలో పోదును” అను భావమును ఆమె వెలిబుచ్చెను.

మరియొకరైనచో ధైర్యము చెప్పి పంపియుందురు. వార్తిన్ అట్లు చేయక, ఆమె సహాయముతోనే బంధువుల పేర్లు, వయస్సులు, మరణ కారణములు సేకరింప మొదలుపెట్టెను. అది జర్మనీ నుండి వలస వచ్చిన కుటుంబము. 1913లో ఆయన ఆ వివరములను “జి కుటుంబము” అను గుర్తుతో ప్రకటించెను. ఆ స్త్రీ తాను చెప్పినట్లే గర్భాశయ కాన్సరుతో మరణించినది. వైద్యశాస్త్రమునకు ఆమె చేసిన ఉపకారము గొప్పది. చదువుకొన్నవారికి తోచని సంగతిని, తన ఇంటి చావులను లెక్కపెట్టుకొన్న ఒక శ్రామిక స్త్రీ ముందుగ చెప్పినది.

తరువాత దాదాపు ఏబది సంవత్సరములు ఈ విషయము మరుగున పడియున్నది. 1962లో నెబ్రాస్కా రాష్ట్రములోని ఒమాహా నగరమున హెన్రీ లించ్ అను యువ వైద్యుడు ఒక రోగిని చూచెను. ఆ రోగి విపరీతముగ త్రాగి ఆరోగ్యము పాడుచేసికొన్నవాడు. ఎందులకు త్రాగుచుంటివని అడుగగా, తన వంశములో అందరును ప్రేగు కాన్సరుతో పోవుచున్నారనియు, తనకును అది తప్పదనియు, అందుచే త్రాగుచుంటిననియు చెప్పెను. లించ్ ఆ కుటుంబమువారి ఇండ్లకు వెళ్లి, వంశవృక్షము గీచి, ఆసుపత్రి కాగితములు తెప్పించి చూచెను. రోగి మాట నిజమైనది. 1966లో ఆయన ఇట్టి రెండు కుటుంబములను గూర్చి వ్రాసెను. 1971లో పాత “జి కుటుంబము”ను మరల పరిశీలించి, అదే వ్యాధి తరతరములుగ సాగుచున్నదని చూపెను. ఆ కాలమున పలువురు వైద్యులు దీనిని నమ్మలేదు. ఒకే ఇంట ఒకే తిండి తినువారికి ఒకే జబ్బు వచ్చుటలో వింత యేమని వాదించిరి. అది కొట్టివేయదగిన వాదము కాదు. దానికి సమాధానము దొరకుటకు 1993 వరకు ఆగవలసి వచ్చెను. నేడు ఆ వ్యాధికి లించ్ పేరే స్థిరపడినది.

రామకోటి వ్రాయువారి చిక్కు

మన శరీరము జీవకణముల సముదాయము. ప్రతి కణములోను శరీర నిర్మాణమునకు కావలసిన ఆదేశములన్నియు డి.యన్.ఏ. అను సన్నని దారములపై వ్రాయబడియున్నవి. ఆ లిపిలో నాలుగే అక్షరములు: ఏ, టి, జి, సి. తల్లి నుండి వచ్చిన ప్రతిలో 300 కోట్ల అక్షరములు, తండ్రి నుండి వచ్చిన ప్రతిలో సుమారు అంతే. ఒక కణము రెండుగ చీలునపుడెల్ల ఈ 600 కోట్ల అక్షరములకును నకలు తీయవలెను. మన ప్రేగు లోపలి పొర నాలుగైదు దినముల కొకసారి క్రొత్తదగుచుండును. కనుక ప్రేగులో నకలు తీయు పని జీవితాంతము ఎడతెగక సాగుచునే యుండును.

ఇంత వ్రాతలో తప్పు దొరలక తప్పదు. అందులకు ప్రకృతి రెండు అంచెల కావలి పెట్టినది. నకలు తీయు యంత్రమే తాను వ్రాసినదానిని వెనుదిరిగి చూచుకొని చాలవరకు దిద్దుకొనును. దాని కన్ను తప్పినవాటిని పట్టుకొనుటకు, వెనుకనే నడచుచు మూలముతో పోల్చి చూచు దిద్దుబాటు బృందము వేరుగ కలదు. ఇది కొన్ని ప్రొటీనుల బృందము. నకలులో జత కుదరని అక్షరము కనబడినచో ఆ ముక్కను కత్తిరించి, మరల సరిగ వ్రాయించును. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయమునకు చెందిన పాల్ మాడ్రిక్ ఈ దిద్దుబాటు నడచు విధమును ముందుగ సూక్ష్మజీవులలో అంచెలంచెలుగ విడదీసి చూపెను. 2015లో రసాయనశాస్త్ర నోబెల్ బహుమానమును పంచుకొన్న ముగ్గురిలో ఆయన ఒకరు.

తప్పులు అన్నిచోట్ల సమానముగ దొరలవు. దస్తావేజుకు నకలు వ్రాయునపుడు ఒక మాట విడిచినచో వాక్యము చెడి, వెంటనే తెలియును. రామకోటి వ్రాయువారి సంగతి వేరు. ఒకే నామమును వరుసగ వ్రాయుచు పోవునపుడు, ఈ వరుసలో ఇరువది నామములైనవా, ఇరువది యొకటియా అనునది చేయి మరచిపోవును, కంటికిని తెలియదు. ఒకటి తగ్గుటయు, ఒకటి హెచ్చుటయు సులభము. డి.యన్.ఏ.లో గూడ రామకోటి వంటి భాగములు లక్షల సంఖ్యలో గలవు. ఒకచోట ఏ ఏ ఏ ఏ యని పాతిక అక్షరములు. మరియొకచోట సి ఏ, సి ఏ, సి ఏ యని ఇరువది సార్లు. వీనిని మైక్రోశాటిలైట్లందురు. నకలు యంత్రము ఇట్టి చోట్లకు వచ్చినపుడు కాలు జారిన మనుష్యుని వలె ఒక మెట్టు ముందునకో వెనుకకో తప్పును. దిద్దుబాటు బృందము సరిగ పనిచేయుచున్నంతకాలము అట్టి జారుపాటును వెంటనే సరిచేయును.

ఈ పునరుక్త భాగములకు వేరొక ప్రయోజనము గూడ గలదు. ఏ చోట ఎన్ని మార్లు తిరిగి వచ్చునను సంఖ్య మనిషికి మనిషికి మారును. ఒకే మనిషి శరీరములో మాత్రము రక్తములో చూచినను, చర్మములో చూచినను ఒక్కటే. కనుక అది వ్రేలిముద్ర వలె గుర్తుపట్టుటకు పనికివచ్చును. హైదరాబాదులోని సి.సి.యం.బి. పరిశోధనాలయములో డాక్టరు లాల్జీ సింగ్ 1980 దశకములో మన దేశపు డి.యన్.ఏ. వ్రేలిముద్ర పద్ధతిని రూపొందించినది ఇట్టి పునరుక్తముల ఆధారముననే. ఆయన ఉపయోగించిన ముక్క, పసుపు నలుపు పట్టెలు గల కట్లపాము జాతి సర్పము నుండి తీసినది. అందులో జి ఏ టి ఏ, జి ఏ టి ఏ యని వరుసగ వచ్చును. న్యాయస్థానములలో తండ్రి యెవరో తేల్చుటకు, నేరస్థుని గుర్తించుటకు వాడు పరీక్షల వెనుక ఈ రామకోటి లెక్కయే యున్నది.

కాన్సరు గడ్డలో తప్పిన లెక్క

ఒకే మనిషిలో ఈ సంఖ్య అంతటను ఒక్కటిగ నుండవలెనని చెప్పితిమి. 1993 మే, జూన్ నెలలలో మూడు బృందములవారు దీనికి విరుద్ధమైన సంగతిని ఇంచుమించు ఒకేసారి ప్రకటించిరి. అమెరికాలో మేయో క్లినిక్‌నకు చెందిన స్టీఫెన్ థిబోడో, కాలిఫోర్నియాలో మాన్యుయెల్ పెరూచో, ఫిన్లండులోని ఆల్బర్ట్ దె లా షపెల్, జాన్స్ హాప్కిన్స్‌లోని బెర్ట్ వోగెల్‌స్టైన్ కలసి నడపిన బృందము. వీరిలో చివరివారు వంశపారంపర్యముగ ప్రేగు కాన్సరు వచ్చు కుటుంబములలో ఏదో ఒక డి.యన్.ఏ. ముక్క పోయియుండునని వెదకుచుండిరి. పోయిన ముక్క కనబడలేదు. దానికి బదులు, రోగి రక్తములో లేని క్రొత్త పొడవులు గడ్డలో కనబడినవి. రక్తములో ఇరువది సార్లున్న పునరుక్తము గడ్డలో పదునేడుగనో, ఇరువది రెండుగనో మారియుండెను. ఒకటి రెండు చోట్ల కాదు, చూచిన చోటనెల్ల అదే తీరు. పెరూచో బృందము లెక్క ప్రకారము అట్టి గడ్డలో ఈ మార్పులు లక్ష వరకు నుండవచ్చును.

ఆ యేడాదియే సెప్టెంబరులో టామస్ పీటిస్ మొదలగువారు రొట్టెపిండిని పులియబెట్టు ఈస్టులో ఒక ప్రయోగము చేసిరి. దిద్దుబాటు ప్రొటీనులలో ఒకదానిని చెడగొట్టినచో పునరుక్త భాగములలో తప్పులు 100 నుండి 700 రెట్లు పెరిగినవి. మనుష్యుల ప్రేగు గడ్డలో నున్న లోపమును ఇట్టిదే యై యుండునని వారు సూచించిరి. డిసెంబరు నాటికి రెండు బృందములు ఆ జన్యువును మనుష్యులలో పట్టుకొనినవి. దాని పేరు ఎం.ఎస్.హెచ్.2. మరుసటి సంవత్సరము ఎం.ఎల్.హెచ్.1 దొరికినది. తరువాత ఎం.ఎస్.హెచ్.6, పి.ఎం.ఎస్.2 అను మరి రెండు చేరినవి. మిచిగన్ కుట్టుపని స్త్రీ వంశములోని లోపము ఎం.ఎస్.హెచ్.2 జన్యువులో ఒకే ఒక్క అక్షరము మారుటయని 2005లో ప్రకటింపబడిన వ్యాసము తెలిపెను. వార్తినుకు ఆమె తన భయమును చెప్పిన నాటి నుండి అప్పటికి 110 సంవత్సరములు.

రామకోటిలో ఒక నామము తగ్గినంతమాత్రమున కాన్సరేల వచ్చునని సభ్యులు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. పెక్కుచోట్ల ఆ లెక్క తప్పినను నష్టము లేదు. కాని కొన్ని ముఖ్యమైన జన్యువుల నడుమ గూడ ఇట్టి పునరుక్తములు గలవు. డి.యన్.ఏ.ను కణము మూడేసి అక్షరములుగ చదువును. “రమణ పలక కడిగె సరళ తలుపు తెరిచె” అను వాక్యమును చూడుడు. అన్నియు మూడక్షరముల మాటలే. నడుమ రెండు “క”లు ప్రక్కప్రక్కన వచ్చినవి. వ్రాయువాడు వానిలో ఒకటి విడిచెననుకొందము. మూడేసిగ చదివినచో “రమణ పలక డిగెస రళత లుపుతె రిచె” అగును. తప్పిన అక్షరము ఒక్కటియే. అటు తరువాతి వాక్యమంతయు పాడైనది. ప్రేగు కణమునకు “ఇక పెరుగుట చాలు, ఆగుము” అను సందేశమును అందుకొను జన్యువొకటి కలదు. దానిలో ఒకచోట ఏ అను అక్షరము వరుసగ పదిసార్లు వచ్చును. దిద్దుబాటు లేని కణములో ఆ పది తొమ్మిదియై, ఆ జన్యువు చదువ వీలుగాక పోవును. ఆగుమన్న మాట ఇక ఆ కణమునకు వినబడదు.

వారసత్వము ఎట్లు సాగునో గూడ తెలియవలెను. ప్రతివానికి దిద్దుబాటు జన్యువులు రెండేసి ప్రతులుగ నుండును, తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి. లించ్ వంశములవారు ఒక చెడిన ప్రతితో పుట్టుదురు. రెండవది పనిచేయుచున్నందున చిన్నతనమున ఏ ఇబ్బందియు నుండదు. ఏదో ఒక ప్రేగు కణములో ఆ రెండవ ప్రతియు చెడిన దినమున ఆ కణమునకు కావలి పోవును. చెడిన ప్రతి గలవారి బిడ్డలలో ఒక్కొక్కరికి అది సంక్రమించుటకు సగము పాలు అవకాశము. కొడుకని లేదు, కూతురని లేదు. మేనల్లుని జబ్బు మేనమామ వంశము నుండి వచ్చినదని గ్రహింపక పోవుటకు కారణము, మనము వంశమును ఇంటిపేరుతో మాత్రమే చూచుట. రిజిస్టరులో ఒక ఇంటిపేరునే వెదకువారికి, పెండ్లియై వెళ్లిన ఆడుబిడ్డ సంతానము కనబడదు.

అయితే పొరబడరాదు. ప్రేగు కాన్సరు వచ్చిన నూరుగురిలో సుమారు 15 మంది గడ్డలలోనే ఈ పునరుక్తముల లెక్క తప్పియుండును. ఆ 15 మందిలోను సుమారు ముగ్గురే లించ్ వంశములవారు. తక్కిన వారిలో ముసలితనమున ఎం.ఎల్.హెచ్.1 జన్యువు దానంతట అదే మూతబడుట తరచుగ కారణమగును. అది బిడ్డలకు సంక్రమించునది కాదు. 75 యేండ్ల తాతకు ప్రేగు కాన్సరు వచ్చినంతనే మనుమలకు గండమని భయపెట్టుట అజ్ఞానము. 50 ఏండ్లలోపు వచ్చుట, ఒకే రక్తసంబంధములో ఇద్దరు ముగ్గురికి వచ్చుట, ప్రేగుతో పాటు గర్భాశయ కాన్సరు గూడ వంశమున నుండుట, ఇట్టి గుర్తులు కనబడినపుడు ఆలోచింపవలెను.

పరీక్ష వలన ప్రయోజనమేమి

జబ్బు వచ్చునని ముందే తెలిసికొని ఏమి లాభము, ఉన్న నాలుగు దినముల సుఖమును పోవునుగదా యని అనువారు గలరు. ఒమాహాలోని త్రాగుబోతు తర్కమును అదియే. దీనికి ఫిన్లండు వైద్యులు 2000లో ప్రకటించిన లెక్క మంచి సమాధానము. ఇట్టి కుటుంబములలో 133 మంది మూడేండ్లకొకసారి ప్రేగు పరీక్షకు ఒప్పుకొనిరి. 119 మంది ఒప్పుకొనలేదు. పదునైదు సంవత్సరములు ఇరువర్గములను గమనించిరి. పరీక్ష చేయించుకొన్నవారిలో 8 మందికి, చేయించుకొననివారిలో 19 మందికి ప్రేగు కాన్సరు వచ్చెను. ఆ కాన్సరుతో మరణించినవారు రెండవ వర్గమున 9 మంది. మొదటి వర్గమున ఒక్కరును లేరు. ఎవరికి వారు ఎన్నుకొన్న వర్గములగుటచే ఇది నిర్దుష్టమైన పోలిక కాదని శాస్త్రజ్ఞులు చెప్పవచ్చును. తొమ్మిదికిని సున్నకును గల భేదమును మాత్రము కాదనలేరు.

ఆ పరీక్ష పేరు కొలొనాస్కోపీ. కెమెరా గల సన్నని గొట్టమును ఆసనము గుండ పంపి పెద్దప్రేగు నంతటిని చూతురు. కాన్సరు కాబోవు చిన్న బుడిపెలు కనబడినచో అప్పుడే తీసివేయుదురు, కడుపు కోయనక్కరలేదు. సామాన్యులలో బుడిపె కాన్సరుగ మారుటకు పదేండ్ల వరకు పట్టును. లించ్ వంశములవారిలో దిద్దుబాటు లేనందున రెండు మూడేండ్లలోనే మారవచ్చును. అందుచే ఇప్పుడు ఇట్టివారికి మూడేండ్లు గాక, ఒకటి రెండేండ్లకొకసారి పరీక్ష అవసరమని చెప్పుచున్నారు. ఎం.ఎల్.హెచ్.1, ఎం.ఎస్.హెచ్.2 లోపములున్నవారికి 20, 25 ఏండ్ల ప్రాయముననే దానిని మొదలిడుదురు.

ఇంగ్లండులో న్యూకాసిలుకు చెందిన జాన్ బర్న్ ఆధ్వర్యమున 861 మంది లించ్ వంశీయులపై మరియొక ప్రయోగము జరిగినది. కొందరికి దినమునకు 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, తక్కినవారికి మందు లేని మాత్ర ఇచ్చిరి. పదేండ్ల తరువాత చూడగా మొదటివారిలో నూటికి 9 మందికి, రెండవవారిలో నూటికి 13 మందికి ప్రేగు కాన్సరు వచ్చియుండెను. ఇది చదివి ఎవరును దుకాణమున ఆస్పిరిన్ కొని మ్రింగరాదు. జీర్ణకోశమునుండి రక్తము పోవు ప్రమాదము కలదు గనుక వైద్యుడు చెప్పిననే వాడవలెను.

జబ్బు వచ్చిన పిదప గూడ ఈ లోపమును తెలిసికొనుట వలన చికిత్స మారును. పాడైన వాక్యముల వంటి వికృత ప్రొటీనులు అట్టి గడ్డలో మెండుగ తయారగును. మన తెల్లరక్తకణములు వానిని పరాయివని గుర్తుపట్టి గడ్డ చుట్టు మూగును. గడ్డ వానికి ఒక విధమైన కళ్లెము వేసి నిలువరించును. ఆ కళ్లెమును విప్పు మందులు ఇప్పుడు వచ్చినవి. 2015లో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు పెంబ్రోలిజుమాబ్ అను మందును ప్రయోగించిరి. దిద్దుబాటు లోపము గల ప్రేగు కాన్సరు రోగులలో 10 మందికి నలుగురిలో గడ్డ తగ్గెను. లోపము లేనివారు 18 మందిలో ఒక్కరికిని తగ్గలేదు. 2017 మేలో అమెరికా ప్రభుత్వ ఔషధసంస్థ, ఈ లోపము గల గడ్డ ఏ అవయవములో నున్నను ఆ మందును వాడవచ్చునని అనుమతించినది. కాన్సరు మందును పుట్టిన అవయవమును బట్టి కాక జన్యులోపమును బట్టి అనుమతించుట అదియే ప్రథమము. 2022లో న్యూయార్కునందు పురీషనాళ కాన్సరు గల 12 మందికి ఈ కోవకే చెందిన మరియొక మందు నిచ్చి చూడగా, పన్నెండుగురిలోను గడ్డ కనబడకుండ పోయెను. వారికి శస్త్రచికిత్స అవసరము కాలేదు. ఈ మందులు మిక్కిలి ఖరీదైనవి. అయినను గడ్డకు పరీక్షయే చేయింపనివారికి, తమకు అట్టి మందు పనికివచ్చునను సంగతియే తెలియదు.

పరీక్ష కష్టమైనది కాదు. ఆసుపత్రిలో తీసిన గడ్డ ముక్కను మైనపు దిమ్మలో పెట్టి భద్రపరతురు. దాని నుండి పలుచని పొరలు తీసి, నాలుగు దిద్దుబాటు ప్రొటీనులు ఉన్నవో లేవో రంగు వేసి చూతురు. లేక గడ్డలోని పునరుక్తముల పొడవును రక్తములోని వానితో పోల్చుదురు. లోపము కనబడి, అది పుట్టుకతో వచ్చినదను అనుమానము కలిగినచో, రోగి రక్తములో జన్యుపరీక్ష చేయుదురు. చెడిన అక్షరము ఏదో రోగిలో తేలిన పిమ్మట బంధువులలో దానినొక్కదానినే వెదకిన చాలును. సగము మందిలో అది యుండదు. వారు ఊరట పొంది అందరివలె జీవింపవచ్చును. ఈ ఊరటయు పరీక్ష ఇచ్చు ఫలితమేయని మరువరాదు.

ఊరిలో చేయదగినది

మలములో రక్తము పడినచో మన పల్లెలలో మొలలని తీర్మానించి పసరు వాడుట, సూదిమందు వేయించుకొనుట ఆచారము. చాలమందికి అవి మొలలే యై యుండును. కాని రక్తము వారములకొలది ఆగకున్నను, మలవిసర్జన తీరు మారినను, కారణము తెలియక బరువు తగ్గి పాలిపోయినను, వంశమున ఇట్టి చావులున్నను పెద్దాసుపత్రిలో చూపించక తప్పదు. గ్రామములలో ఆరోగ్యకార్యకర్తలు 30 ఏండ్లు పైబడినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కాన్సరులకై చేయు ప్రాథమిక పరీక్షలో ప్రేగు పరీక్ష చేరియుండదు. కనుక ఆ పరీక్ష జరిగినదని ధైర్యముగ నుండరాదు.

పెండ్లి విషయము వేరుగ చెప్పవలసియున్నది. ఊరు “ఆ ఇంటికి పిల్లనీయవద్దు” అన్నపుడు ఆ ఇంటివారు ఏమి చేయుదురు? బయటి సంబంధములు రాక, మేనరికము చేసికొందురు. అక్క కూతురినో, మేనత్త కూతురినో తెత్తురు. మన తెలుగునాట మేనరికము ఎట్లును వాడుకలో నున్నదే. ఇచటనే పెద్ద ప్రమాదము. చెడిన ప్రతి ఒకటి గలవారు పెద్దలగువరకు ఆరోగ్యముగ నుందురని చెప్పితిమి. భార్యాభర్తలిద్దరికిని అదే చెడిన ప్రతి యున్నచో, బిడ్డలలో ఒక్కొక్కరికి నాలుగింట ఒక పాలు రెండు ప్రతులును చెడినవే వచ్చు అవకాశము కలదు. అట్టి బిడ్డకు పుట్టుకనుండియే కావలి లేదు. మెదడులోను, రక్తములోను, ప్రేగులలోను బాల్యముననే కాన్సరు వచ్చును. ఊరివారు బయటి సంబంధమును అడ్డగించి, ఆ కుటుంబమును ఇంతకన్న ఘోరమైన ఆపదలోనికి త్రోయుచున్నారు. బయటివారితో చేసిన పెండ్లిలో సగము మంది పిల్లలకు ఆ లోపమే యుండదు. ఉన్నవారిని పరీక్షలతో కాపాడవచ్చును. సంబంధము చూచుటలో పెద్దమనుష్యులుగ కూర్చుండు సభ్యులు ఈ సంగతిని ఆ రెండిండ్లవారికిని ఏకాంతమున చెప్పవలెను. రచ్చబండపై చెప్పరాదు, ఒకరి జన్యువుల సంగతి ఊరి సొత్తు కాదు.

ఇక కాగితముల సంగతి. మనిషి పోయిన తరువాత పెద్దకర్మ నాటికి ఆసుపత్రి కాగితములను మంచము, పక్కబట్టలతో పాటు పారవేయుట చాల ఇండ్లలో జరుగుచున్నది. బయాప్సీ రిపోర్టు చనిపోయినవానికి అక్కరలేదు. వాని బిడ్డకు అక్కరయగును. పది సంవత్సరముల తరువాత ఆ బిడ్డను చూచు వైద్యుడు మొదట అడుగునది, “మీ నాయనకు గడ్డ ఎక్కడ వచ్చినది? ఏ వయస్సున? గడ్డకు ఏయే పరీక్షలు చేసినారు?” అని. రిపోర్టుపై నుండు నంబరును బట్టి ఆసుపత్రిలో మైనపు దిమ్మ ఇంకను దొరికినచో, పోయినవాని గడ్డను నేడును పరీక్షింపవచ్చును. పరామర్శకు వెళ్లిన సభ్యుడు ఆ కాగితములను ఒక సంచిలో పెట్టి ఇంటి దస్తావేజులతో పాటు దాచుమని చెప్పినచో చాలును. కార్యదర్శి గారు రిజిస్టరులో కారణము వ్రాయునపుడు “కడుపు జబ్బు” అని ఊరకొనక, ఆసుపత్రివారు వ్రాసియిచ్చిన కారణమును ఉన్నదున్నట్లు, అవయవము పేరుతో సహా ఎక్కించునట్లు చూడవలెను.